సీసా అయిపోతే కోర్సు అయిపోయినట్టు కాదు

బడులు తెరిచి వానలు పట్టగానే పిల్లల గొంతులు పట్టేస్తాయి. ఆ సాయంత్రమే మెడికల్ షాపు నుంచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ సీసా ఇంటికొస్తుంది. పిల్లాడి గొంతు మాత్రం ఎవరూ చూడరు. ఈ అలవాటు ఆగాలి.

పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వే. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోతే యాంటీబయాటిక్‌కు అక్కడ పనే లేదు. పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో పోస్తూ, పల్చటి గంజి పట్టిస్తే చాలు. ఏడాది దాటిన బిడ్డకు తేనె నాకించవచ్చు. సిరప్ లేబుల్ మీద 5 మి.లీ.కు 120 ఉందో, 250 ఉందో చూడకపోతే డోసు సగమో రెట్టింపో అవుతుంది.

స్ట్రెప్ బాక్టీరియా సంగతి వేరు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకు వస్తుంది. దగ్గు ఉండదు. ఉన్నట్టుండి జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, దవడ కింద ముడితే నొప్పెట్టే బిళ్లలు. వదిలేస్తే కొందరిలో రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. గొంతులో దూదిపుల్ల తిప్పి చేసే స్వాబ్ పరీక్షలో తేలితే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 10 రోజులు పడాల్సిందే.

ఇక్కడే లెక్క తప్పుతోంది. 18 కిలోల పిల్లకు కిలోకు 50 చొప్పున రోజుకు 900 మిల్లీగ్రాములు. 5 మి.లీ.కు 250 ఉండే డ్రై సిరప్ (నీళ్లు కలిపి వాడే పొడి మందు) అయితే రోజుకు 18 మి.లీ., పది రోజులకు 180. అంటే 30 మి.లీ. సీసాలు ఆరు! ఇళ్లలో ఒక్క సీసాతో, రెండో రోజుకే వైద్యం ముగుస్తోంది. అవసరం లేనిచోట పోస్తున్నాం, అవసరమైనచోట ఆపేస్తున్నాం. ఆరు సీసాలూ ఒకేసారి కలపకూడదు. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, కుదిపి, నురగ తగ్గాక మళ్లీ గీత చూడాలి. కలిపిన మందు ఎన్నాళ్లు నిలవుంటుందో లేబుల్ చెబుతుంది.

చొంగ కారుస్తూ గుటక వేయలేకపోయినా, ఊపిరిలో చప్పుడొచ్చినా నోట్లో చెంచా పెట్టి చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కూలి పోగొట్టుకుని, ఫీజు కట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడం కష్టమంటారు. నిజమే. అందుకే స్వాబ్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి.

అసలు రోగం అమ్మకంలో ఉంది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. దేశానికి మందులు తయారుచేసి పంపే హైదరాబాద్‌లోనైనా డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టర్లు తెరిచి, షాపు కొన్న సీసాలకూ రాసిన పేర్లకూ లెక్క సరిచూడాలి.