మహారాజశ్రీ గ్రే షేడ్ గారి సముఖానికి

నమస్కరించి రాయునది ఏమనగా, మంచి హీరోలో కాస్త చెడు కలిపి దాన్నే లోతు అనిపించుకునే తమరు ఈసారి సూపర్‌హీరో సినిమాలోకి రారని సినిమావాళ్ళు మాకు మాట ఇచ్చారు. పోస్టరు మీద కేప్ ఎర్రగానే ఉంది, ఆకాశం నీలంగానే ఉంది. తీసినవాళ్ళు ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆశ, వెలుగు అంటూ జపం చేశారు. ఇంటర్వెల్ దాకా మాట నిలబెట్టుకున్నారు కూడా. ఆ తర్వాత వాన మొదలైంది. సూపర్‌హీరో సినిమాలో వేళగాని వేళ వాన పడిందంటే తమరి సవారీ వాకిట్లో దిగినట్టే. బిగుసుకున్న పిడికిలి మీద క్లోజప్, వెనకాల చెల్లో మీద లాగిన ఒకే ఒక్క స్వరం, "నాకు ఇంకో దారి లేకుండా చేశావు" అనే డైలాగు, ఫట్. ఒక నిండు మధ్యాహ్నం తమరి పాదాలకు సమర్పయామి.

ఏ సినిమా అని అడగకండి. పేరు మారుతుంది, ఫట్ మారదు.

అంతకన్నా ఒళ్ళు మండేది హాలు బయట వినపడే తీర్పు. "చివర్లో కాస్త గ్రే షేడ్ తగిలింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మరీ రాముడు మంచి బాలుడు టైపే." వాడు ఎందుకు మంచివాడయ్యాడో చెప్పాలట, లేకపోతే నమ్మబుద్ధి కాదట. అందుకని చచ్చిపోయిన తండ్రినో, కాలిపోయిన ఇంటినో హామీగా పెట్టించుకుంటారు. మంచితనానికి మరణ ధ్రువీకరణ పత్రం జతచేయాలన్న నిబంధన తమరి కార్యాలయంలో ఎప్పటినుంచి అమల్లోకి వచ్చిందో తెలియజేయగలరు.

మంచివాడితో కథ నడవదన్నది తమరి భక్తుల ప్రధాన ఆరోపణ. అందరికంటే బలవంతుడు, పైగా మంచివాడు, ఇక గొడవెక్కడిది అంటారు. నిజమే, ఎవరు గెలుస్తారన్నదే కథైతే నడవదు. అందుకే చేతకాని రచయిత చప్పున జేబులోంచి సూపర్‌మ్యాన్ బలం లాగేసే క్రిప్టొనైట్ రాయి తీస్తాడు, బలం తగ్గిస్తేనైనా కథ కదులుతుందని. ఒకసారైతే పర్లేదు. మాటిమాటికీ ఆకుపచ్చ రాయి మెరుస్తుంటే మాత్రం నీరసం హీరోకి కాదు, రచయితకి. ఇలాంటి కథలో వీడు ఎత్తగలడా అని అడగడం దండగ. ముందు ఏది ఎత్తుతాడు? అడగాల్సింది అదీ.

1978లో రిచర్డ్ డోనర్ తీసిన 'సూపర్‌మ్యాన్' క్లైమాక్స్ ఒకసారి విప్పి చూడండి. రెండు క్షిపణులు. ఒకటి పడమటి కొసన కాలిఫోర్నియాకి, రెండోది తూర్పు కొసన న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌కి. హీరో మెడలో క్రిప్టొనైట్ గొలుసు, మనిషి నీళ్ళలో మునిగిపోతున్నాడు. విలన్ పక్కనుండే మిస్ టెష్‌మాకర్ ఆ గొలుసు తీసేముందు ఒక షరతు పెడుతుంది: ముందు హ్యాకెన్‌సాక్ క్షిపణిని ఆపాలి, అక్కడ మా అమ్మ ఉంది. ఆయన మాట ఇస్తాడు. బయటపడ్డాక అడిగే దిక్కెవరు? ఆమె విలన్ మనిషి. కాలిఫోర్నియాలో చూస్తే ఆయన మనసుపడ్డ విలేకరి లోయిస్ లేన్ ఉంది. తమరి సిలబస్ ప్రకారం మాట గాలికొదిలి లోయిస్ దగ్గరికి ఎగరాలి. ఆయన తూర్పుకే వెళ్ళాడు. అందుకే రెండోది అందలేదు, భూకంపం వచ్చింది, లోయిస్ కారుతో సహా మట్టిలో కూరుకుపోయింది. ఆ తర్వాత భూమి చుట్టూ గిరగిరా తిరిగి కాలాన్ని వెనక్కి తిప్పడం శుద్ధ మోసం, ఒప్పుకుంటాను. కానీ ఆ మోసానికి ముందు పడ్డ ముడి చూడండి. ఆయన కొంప ముంచింది చీకటి గతం కాదు, రహస్య పాపం కాదు, ఆడిన మాట తప్పకపోవడం. కథ నడవదన్నారు కదా, మంచితనమే ఇంజనై నడిచింది.

'కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్' (2014) ఇంకో రకం. అందులో కెప్టెన్ అమెరికా, అంటే స్టీవ్ రోజర్స్, మొదట్లో ఎలా ఉన్నాడో చివర్లోనూ అలాగే ఉంటాడు. మారేది చుట్టూ ఉన్నవాళ్ళు. స్క్రీన్‌ప్లే పాఠాల్లో దీన్ని ఫ్లాట్ ఆర్క్ అంటారు. పేరు చప్పగా ఉంది గానీ రాయడం మహా కష్టం. చివర్లో ఆయన డాలు కిందికి వదిలేసి పాత స్నేహితుడితో కొట్లాడనంటాడు. ఎప్పుడు వదిలాడో గమనించారా? విలన్ల మూడు ఎగిరే యుద్ధనౌకల్ని ఆపే చిప్‌లలో మూడోది బిగించి, జనం మీద గురిపెట్టిన వాటి తుపాకుల సంగతి తేలాక. ఆ పని కాకముందే వదిలుంటే అది మంచితనం కాదు, బాధ్యత లేకపోవడం. ఈ వరుస తెలియనివాళ్ళే మంచివాణ్ణి మొద్దబ్బాయిగా రాసి, తర్వాత బోరు అని వాళ్ళే పెదవి విరుస్తారు.

లోపం వేరు, చెడు వేరు అన్నది కూడా తమరి పాఠంలో లేదు. మంచివాడికి కోపం రావచ్చు, తొందరపడొచ్చు, ప్రశ్నలడిగితే తడబడొచ్చు. 2025 'సూపర్‌మ్యాన్'లో లోయిస్ ఇంటర్వ్యూ చేస్తుంటే ఆయన నాలుగు ప్రశ్నలకే ఉడికిపోతాడు. మనిషన్నాక అంతే. దానికోసం ఎవరి మెడా విరవనక్కర్లేదు.

మెడ అన్నాను కాబట్టి అసలు ఫిర్యాదుకి వస్తాను.

"గత్యంతరం లేదు" అనే సీను. దీన్ని ఎలా వండుతారో అందరికీ తెలుసు, అయినా ప్రతిసారీ విధి వైపరీత్యంలా వడ్డిస్తారు. ముందు హీరోతో సమానమైన బలమున్న విలన్ని తెస్తారు. అతణ్ణి బంధించే దారులన్నీ క్లైమాక్స్‌కి ముందే ఒక్కొక్కటిగా మూసేస్తారు. తర్వాత ఒక గోడ కట్టి, ఆ గోడ మూలన ఒక చిన్న కుటుంబాన్ని నిలబెడతారు. విలన్ చేత "నేను ఎప్పటికీ ఆగను" అనిపిస్తారు. ఇక హీరో చేతికి అతని మెడ అందిస్తారు. 'మ్యాన్ ఆఫ్ స్టీల్' (2013) లో జనరల్ జాడ్ మెడ విరిగింది సరిగ్గా ఇలాగే. కళ్ళలోంచి మంట వస్తుంటే ఆ కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టొచ్చు కదా, పట్టుకుని పైకి ఎగిరిపోవచ్చు కదా అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు జనం. ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. గోడ కట్టినవాడు ఇటుకల మధ్య సందు వదిలితే చూసేవాడికి ఆ సందే కనిపిస్తుంది.

సందు పూడ్చినా సీను నిలబడదు, దానికి కారణం వేరే. ఈయన చంపడు అన్న నియమం అంతకుముందు రెండు గంటల్లో ఎక్కడా నాటలేదు. ముడి వేయని తాడు తెంచితే చప్పుడేముంటుంది? చంపిన తర్వాత ఒక గావుకేక. కాసేపటికే డ్రోన్ కూల్చి సైనికాధికారితో సరసంగా మాట్లాడటం. చెల్లించాల్సిన ధర కేకతో సరిపెట్టేశారు. ఇదే తప్పు 1988లో కామిక్స్‌లోనూ జరిగింది. జాన్ బైర్న్ రాసి గీసిన కథలో సూపర్‌మ్యాన్ ముగ్గురు నేరస్థుల్ని క్రిప్టొనైట్‌తో చంపేస్తాడు. కానీ అక్కడ లెక్క ఆ పుస్తకంతో తెగలేదు. తర్వాత నెలల తరబడి ఆయన మతి చెదిరింది, తనకే తెలియకుండా ఇంకో వేషంలో తిరిగాడు, నన్ను నేనే నమ్మలేనంటూ భూమి వదిలి అంతరిక్షంలోకి వెళ్ళిపోయాడు. చంపించదలుచుకుంటే ఆ బిల్లు కట్టే ఓపిక ఉండాలి. సినిమాకి అంత నిడివి లేదంటారా, అయితే చంపించకండి.

మూడో దారి రాయడం కుదరదా అంటే, కుదిరింది. 2001లో 'యాక్షన్ కామిక్స్' 775వ సంచికలో జో కెల్లీ రాశాడు. నేరస్థుల్ని చంపి చప్పట్లు కొట్టించుకునే ఎలీట్ అనే ముఠాకి సూపర్‌మ్యాన్ తను కూడా వాళ్ళలా మారితే ఎలా ఉంటుందో చూపిస్తాడు. చూసేవాళ్ళకి వెన్ను జలదరిస్తుంది. చివరికి తేలేదేమిటంటే, ఒక్కడూ చావలేదు, అంతా నాటకం. ఆ సంచిక అట్టనుంచి అట్టకి చదవడానికి ఒక గంట పట్టదు. వందల కోట్ల బడ్జెట్ పెట్టి స్క్రిప్టు రాయించుకునేవాళ్ళకి ఆ గంట దొరకలేదు.

ఏమయ్యా గ్రే షేడూ, నీకు సిగ్గుందా? నువ్వేదో లోతు తెచ్చానంటావు. నువ్వు తెచ్చింది లోతు కాదు, బురద. అడుగు కనిపించకపోతే లోతనుకుంటారని నీ ధైర్యం. తొంభై ఏళ్ళ నాటి పాత సరుకువి నువ్వు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1933లో మొట్టమొదట సృష్టించిన సూపర్‌మ్యాన్ విలన్. తిండి కోసం వరుసలో నిలబడ్డ ఒక పేదవాడికి శక్తులొస్తాయి, లోకాన్ని ఏలాలనుకుంటాడు, కథ చివర్లో శక్తులు పోయి మళ్ళీ అదే వరుసలో నిలబడతాడు. అంటే నువ్వే తొలి చిత్తుప్రతి! ఆ కుర్రాళ్ళు నిన్ను చూశారు, రాసి చూశారు, పక్కన పడేసి 1938లో మంచివాణ్ణి తెచ్చారు. ఆ మంచివాడు కూడా చేతులు కట్టుకుని నిలబడే బుద్ధిమంతుడు కాదు. మొదటి సంచికలోనే భార్యని కొట్టేవాణ్ణి గోడకేసి కొట్టాడు, నిర్దోషిని కాపాడటానికి గవర్నరు పడగ్గది ఉక్కు తలుపు పీకాడు, సెనేటర్ని బుట్టలో వేసుకునే పైరవీకారుణ్ణి ఎత్తుకుని టెలిఫోను తీగల మీద పరిగెత్తాడు. అదీ నువ్వు చప్పిడి అంటున్న మంచితనం.

క్షమించాలి, ఏకవచనం దొర్లింది.

చిల్లర ఫిర్యాదులు కూడా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. సినిమాకి రంగులు దిద్దే డీఐ గదిలో కూర్చుని నీలం, ఎరుపు రెండిట్లోనూ రంగు పిండేసి వాస్తవికత అనడం ఆపించండి. ఎగిరే మనిషిని నమ్మినవాళ్ళం, ఎర్ర గుడ్డని నమ్మలేమా? ప్రతి మనసు తాకే మాట వెనకాల ఒక జోకు పెట్టి ప్రేక్షకుడి సిగ్గు కాపాడనక్కర్లేదు. కాపాడే సీనుకి షాట్లు మూడు: పడటం, పట్టుకోవడం, దించడం. మూడోదాన్ని ఎడిటింగులో ఎగరగొట్టేస్తున్నారు. కాలు నేల మీద ఆనాక ఆ కాపాడబడిన మనిషి మొహం ఒక్క క్షణం చూపించకపోతే మొదటి రెండు షాట్ల మీద పోసిన డబ్బంతా గ్రాఫిక్సు వాళ్ళకి అభ్యాసం చేయించినట్టే. 1978లో మొదటి రాత్రే ఆయన హెలికాప్టరు నుంచి పడుతున్న లోయిస్‌నీ పట్టాడు, చెట్టు మీది పిల్లినీ దించి పాపకిచ్చాడు. రెండిటికీ మూడో షాటు ఉంది. పిల్లి సంగతి ఇంట్లో చెప్పిన పాపకి అబద్ధమాడుతున్నావని చెంపదెబ్బ కూడా పడింది, అది వేరే విషయం.

తమరి ఉపకారాలు మరిచిపోలేదు. 1986లో మొదలైన 'వాచ్‌మెన్', అదే ఏడు వచ్చిన 'ది డార్క్ నైట్ రిటర్న్స్' కామిక్స్ తమరు నిజంగా ఒళ్ళొంచి పని చేసిన చోట్లు. అక్కడ తమరు ప్రశ్నలడిగారు. వెనక వచ్చినవాళ్ళు ప్రశ్నలు వదిలి నెత్తురు పట్టుకున్నారు. 'ది బాయ్స్' సిరీస్‌లో సూపర్‌మ్యాన్‌ని పోలిన హోమ్‌ల్యాండర్ కూలబోతున్న విమానాన్ని, అందులోని జనాన్ని గాలికి వదిలేసి వెళ్ళిపోయే సీను ఉంది చూడండి, 2019 నాటిది, గుండె ఆగుతుంది. ఎందుకు ఆగుతుంది? కేప్ వేసుకున్నవాడు విమానాన్ని వదలడని మనకి తెలుసు కాబట్టి. 2006 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్'లో అలాంటి కేపే పడిపోతున్న విమానాన్ని బేస్‌బాల్ మైదానంలో దించింది కాబట్టి. అప్పు తెచ్చుకున్న భయం అది. ఆ అప్పిచ్చినవాణ్ణే బోరు అంటే ఎలా?

కాబట్టి విన్నపం చిన్నదే. విలన్లు మీ ఇష్టం. ప్రతినాయకుల బాల్యాలు, గూఢచారుల నిద్రలేని రాత్రులు, రిటైరైన హీరోల మందు సీసాలు అన్నీ తమరికే రాసిస్తాం. ఒక్క సూపర్‌మ్యాన్‌ని వదిలేయండి. రాక్షస జంతువుతో పోరాటం మధ్యలో ఆగి ఉడతని పక్కకి తీసి పెట్టేవాణ్ణి. ఆ జంతువుని కూడా చంపకుండా దారి వెతుకుతుంటే తోటి హీరోలు చంపేసినప్పుడు మొహం చిన్నబుచ్చుకునేవాణ్ణి. పుట్టించిన తల్లిదండ్రులే భూమిని ఏలమని సందేశం పంపారని తెలిశాక కూడా ఏలనివాణ్ణి. అంత స్పష్టమైన ఆహ్వానం ఉండి కూడా 2025 సినిమాలో తమరికి ఆ ఇంట్లో కుర్చీ దొరకలేదు. ఇంకెప్పుడూ దొరక్కూడదని కోరుకుంటూ,

ఇట్లు,
టికెట్టు డబ్బు వెనక్కి అడగని
ఒక ప్రేక్షకుడు

తా.క.: సూపర్‌మ్యాన్ పైన వేసుకునే ఆ ఎర్ర చెడ్డీ జోకు ఇక చాలించమని తమరి వాళ్ళకి చెప్పండి. అది పాతకాలపు సర్కస్ బలవంతుల దుస్తుల నుంచి వచ్చింది. 2011లో కామిక్స్‌లో తీసేశారు, 2013 సినిమాలో తీసేశారు, ఎవరికీ ఆయన పెద్దమనిషిగా కనబడలేదు. 2018లో కామిక్స్‌లోకి, 2025లో సినిమాలోకి తిరిగొచ్చింది. కళ్ళలోంచి మంటలొచ్చే మనిషిని చూసి పిల్లలు భయపడకుండా ఉండాలంటే కాస్త నవ్వొచ్చేలా కనబడాలన్నది ఆ వేషం కట్టిన నటుడి వాదన. ఆ నియమం తమరి బృందానికి కూడా వర్తింపజేసుకుంటే మంచిది. సైజులు చెబితే కుట్టించి పంపుతాం.