హుయిజౌ రద్దుకు ఒక అభినందన

ఎనిమిదిన్నర శతాబ్దాలు నలిగిన పేరును ఒక్క ఉత్తర్వుతో తీసి పక్కన పెట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. తూర్పు చైనాలో, అన్హుయి ప్రావిన్స్ దక్షిణపు కొసన, కొండల నడుమ హుయిజౌ అనే సీమ ఉండేది. 1987లో చైనా ప్రభుత్వం ఆ పేరు మీదున్న పాలనా విభాగాన్ని రద్దు చేసి, దాని స్థానంలో హువాంగ్‌షాన్ నగరాన్ని ప్రకటించింది. చరిత్రకారులు, కవులు, ఆ ఊళ్ళ నుంచి ఎప్పుడో వలసపోయినవాళ్ళ మనవలు ఇప్పటికీ దీనికి గుండెలు బాదుకుంటూనే ఉన్నారు. వాళ్ళ ఏడుపులో అర్థం లేదని నా నిశ్చితాభిప్రాయం. ఆ ఫైలు కదిపిన అధికారులకు ఇన్నేళ్ళయినా ఎవరూ ఒక శాలువా కూడా కప్పకపోవడం అన్యాయం. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు కొండ సంగతి. హువాంగ్‌షాన్ నిజంగానే అందమైన కొండ, ఆ మాట వెటకారంగా అనడం లేదు. నిటారుగా లేచిన గ్రానైట్ శిఖరాలు, రాతి పగుళ్ళలోంచి మొలిచిన పైన్ చెట్లు, కాళ్ళ కింద మబ్బులు. 1979 జూలైలో అప్పటి చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ తన 75వ ఏట ఈ కొండ ఎక్కాడు. ఇక్కడ టూరిజం పెంచండి, హువాంగ్‌షాన్ పేరు లోకానికి తెలిసేలా చేయండి అన్న అర్థంలో సెలవిచ్చి దిగి వెళ్ళాడు. పెద్దాయన మాట్లాడింది కొండ గురించి. కిందివాళ్ళు దాన్ని సీమ మొత్తానికీ వర్తింపజేశారు. పైనుంచి వచ్చిన మాటను రెండింతలు చేసి అమలు చేసేవాడికే ప్రమోషన్ వస్తుందని ఏ దేశపు గుమాస్తాను అడిగినా చెప్తాడు. 1990లో యునెస్కో కూడా కొండను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కనుక దూరదృష్టి రుజువైపోయింది. చరిత్రకు గేటు పెట్టలేం, కొండకు పెట్టొచ్చు. సీజన్‌లో ఆ గేటు దగ్గర మనిషికి 190 యువాన్లు.

ఈ సంస్కరణ వల్ల భూగోళానికి వచ్చిన స్పష్టత చూడండి. హువాంగ్‌షాన్ అంటే కొండ. హువాంగ్‌షాన్ అంటే నగరం కూడా. నగరం అన్నారే గానీ అది మూడు డిస్ట్రిక్టులు, నాలుగు కౌంటీలున్న పెద్ద జిల్లా. ఆ మూడు డిస్ట్రిక్టుల్లో ఒకదాని పేరు మళ్ళీ హువాంగ్‌షానే. అది పాత తైపింగ్ కౌంటీ, చరిత్రలో హుయిజౌకు చెందిందే కాదు. హుయిజౌను పూర్తిగా చంపేశారన్న అపవాదు రాకుండా, షె కౌంటీలోంచి యాన్‌సీ చుట్టుపక్కల ప్రాంతాన్ని కోసి దానికి హుయిజౌ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. కానీ పాత హుయిజౌ నగరం, దాని గోడలు, కచేరీ అన్నీ షె కౌంటీలోనే ఉండిపోయాయి. అంటే హుయిజౌ చూడాలనుకున్నవాడు పొరపాటున కూడా హుయిజౌకు వెళ్ళకూడదు. ఇక హైస్పీడ్ రైల్లో వచ్చినవాడు హువాంగ్‌షాన్ నార్త్ స్టేషన్‌లో దిగి, బ్యాగు భుజాన వేసుకుని, కొండ ఎటు అని తలెత్తి చూస్తాడు. అతను నిలబడ్డది నగరంలోని తున్‌షీ అనే ఇంకో డిస్ట్రిక్టులో. కొండకు ఇంకా యాభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుంది. ఈ గందరగోళం మీద ఎన్ని బస్సులు, ఎన్ని ట్యాక్సీలు బతుకుతున్నాయో విమర్శకులు ఎప్పుడైనా ఆలోచించారా?

వారసత్వం పోయిందంటారు. అసలు పేర్లు మార్చడమే అక్కడి వారసత్వం. ఆ కొండను మొదట యీషాన్ అనేవాళ్ళు. 747లో తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ హువాంగ్‌షాన్ అని మార్చాడు. హుయిజౌ పేరు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు ఆ సీమ షెజౌ. సోంగ్ చక్రవర్తి తోట సోకుల కోసం దక్షిణాది నుంచి వింత రాళ్ళు, మొక్కలు దోచి పడవలకెత్తిస్తుంటే, జనం విసిగిపోయి 1120లో ఫాంగ్ లా వెంట తిరగబడ్డారు. ప్రభుత్వం తిరుగుబాటును అణచి, 1121లో ఊరి పేరు మార్చేసింది. అంటే ఇవాళ కన్నీళ్ళు పెట్టుకుంటున్న పేరు కూడా ఒకప్పటి ప్రభుత్వ ఉత్తర్వే. జీవో పాతబడితే సంస్కృతి అవుతుంది, ఓ రెండు మూడు వందల ఏళ్ళు ఓపిక పట్టాలంతే.

ముక్కలు చేయడం కూడా కొత్తేం కాదు. పాత హుయిజౌకు ఆరు కౌంటీలు: షె, యీ, షియూనింగ్, చీమెన్, జీషీ, వూయువాన్. 1934లో అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై షేక్ కమ్యూనిస్టుల వేటకు వీలుగా ఉంటుందని వూయువాన్‌ను తీసి పక్కనున్న జియాంగ్‌షీలో కలిపాడు. అక్కడి జనం ఊరుకోలేదు. తమను హుయిజౌలో కలపమని ఏళ్ళ తరబడి ఉద్యమం చేశారు. జీషీ మూలాలున్న మహా పండితుడు హూ షీ కూడా వాళ్ళ పక్షాన నిలిచాడు. 1947లో వూయువాన్ తిరిగొచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1949లో, చియాంగ్‌ను తరిమేసిన కమ్యూనిస్టులు దాన్ని మళ్ళీ జియాంగ్‌షీకే ఇచ్చారు. సిద్ధాంతాల్లో ఉప్పూ నిప్పూగా ఉన్న రెండు పార్టీలకు ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదరడం గమనించదగ్గది. 1987లో జీషీని పక్కనున్న షువాన్‌చెంగ్ విభాగానికి అప్పగించారు. మన దగ్గర రాత్రికి రాత్రి జిల్లా మారిపోయిన ఊళ్ళవాళ్ళకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ పేరులో అంత గొప్పేముంది? అక్కడివాళ్ళు తమ మీద తామే కట్టుకున్న పాట ఒకటుంది: పూర్వజన్మలో పుణ్యం చేయలేదు కాబట్టి హుయిజౌలో పుట్టాం, పదమూడు పద్నాలుగేళ్ళకే బయటికి విసిరేశారు అని. అదే నిజం. కొండలు ఎక్కువ, సాగు భూమి తక్కువ. మీసాలు మొలవకముందే మగపిల్లల్ని షిన్‌ఆన్ నది వెంట హాంగ్‌జౌ వైపు పంపేసేవాళ్ళు. వాళ్ళు ఉప్పు, టీ, కలప, తాకట్టు వ్యాపారాల్లో ఆరితేరి, మింగ్, చింగ్ రాజవంశాల కాలాల్లో చైనాలోనే పేరుమోసిన షావుకార్లయ్యారు. యాంగ్‌జౌలో ఉప్పు వ్యాపారం వాళ్ళ గుప్పిట్లో ఉండేది. ఆ డబ్బుతో సొంత ఊళ్ళో ఇళ్ళు కట్టారు. ఇవాళ టూరిస్టులు ఫొటోలు తీసుకునే తెల్ల గోడలు, నల్ల పెంకులు, మెట్లు మెట్లుగా పైకి లేచే గుర్రపు తల గోడలు అవే. ఆ గోడలు అందానికి కట్టినవి కావు. ఒక ఇంటికి అంటుకున్న నిప్పు పక్కింటికి పాకకుండా కట్టినవి. కిటికీలు చిన్నవి, అవీ ఎత్తులో. దొంగల భయం ఒకటి, లోపలున్న ఆడవాళ్ళు బయటికి చూడకూడదన్నది ఇంకొకటి.

లోపలికి వెళ్తే నడిమింట్లో ఆకాశం కనపడే చతురస్రపు తొట్టి ఉంటుంది. నాలుగు కప్పుల వాన నీరూ అందులోకే దిగాలి. నీళ్ళు ఇంట్లోకొస్తే డబ్బు ఇంట్లో ఉన్నట్టేనని నమ్మకం. ఎదురుగా పొడవాటి బల్ల, దాని మీద నడుమ గడియారం, ఒక పక్క జాడీ, ఇంకో పక్క అద్దం. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు వ్యాపారానికి వెళ్ళిపోతే, ఆ గడియారం చప్పుడు వింటూ ఇల్లాలు ఎన్ని దశాబ్దాలు కూర్చుందో ఏ గైడూ చెప్పడు. చెప్పనవసరం లేదు కూడా. ఆమెకు రావాల్సిన గౌరవాన్ని ప్రభుత్వం లెక్క కట్టి మరీ ఇచ్చింది.

ఆ లెక్క వినండి. షె కౌంటీ పాతబస్తీలో మంత్రి షూ గువో పేరు మీద 1584లో కట్టిన రాతి తోరణం ఉంది. మామూలు తోరణాలకు నాలుగు స్తంభాలుంటే దీనికి ఎనిమిది. నాలుగు వైపులా సింహాలు, చెక్కడాలు, వీధి మధ్యలో ఠీవిగా నిలబడి ఉంటుంది. ఒక్క మనిషికి ఎనిమిది స్తంభాలు. అదే పట్నంలో 1905లో కట్టిన ఇటుక తోరణం ఇంకొకటుంది. అది మొగుడు పోయినా మరో పెళ్ళి చేసుకోకుండా, లేదా మొగుడితోపాటే ప్రాణం తీసుకుని, శీలవతులనిపించుకున్న హుయిజౌ ఆడవాళ్ళ కోసం. ఎంతమంది కోసమో దాని మీదే చెక్కారు: 65,078 మంది. అందరికీ కలిపి ఒకటే తోరణం, అదీ ఇటుకలది. రాతి ఖర్చు ఎంత ఆదా అయిందో ఎవరైనా ఆడిటర్ లెక్క తేలిస్తే బాగుంటుంది. తాంగ్‌యుయె గ్రామం దగ్గర బావ్ వంశం వాళ్ళ ఏడు తోరణాలు వరసగా ఉన్నాయి. రాజభక్తికి, పితృభక్తికి, పాతివ్రత్యానికి, దానధర్మానికి. పొలాల మధ్య అవి చూడ్డానికి చాలా బాగుంటాయి, ఫొటోకు అనువుగా కాస్త వంపు తిరిగి కూడా ఉంటాయి.

టూరిజం వాళ్ళ చాతుర్యాన్ని మెచ్చుకోకపోతే వ్యాసం పూర్తి కాదు. మింగ్ కాలపు నాటకకర్త తాంగ్ షియాన్‌జూ ఒక చిన్న పద్యం రాశాడు. జీవితమంతా వెర్రిగా కోరుకున్న చోటు, అయినా కలలో కూడా హుయిజౌకు వెళ్ళలేదు అని దాని చివరి భావం. ఈ రెండు పాదాలూ ఇవాళ హుయిజౌ ప్రచారంలో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి. దానికి ముందున్న రెండు పాదాలు మాత్రం పెద్దగా కనపడవు. వెండి బంగారాల వాసన పీల్చాలంటే అక్కడి కొండలకు పొమ్మని వాటి భావం. డబ్బున్న షావుకార్ల గుమ్మాల ముందు చేయి చాచడం ఇష్టం లేక ఆ కవి దెప్పిపొడిచాడని చాలామంది పండితులు వాదిస్తారు. ఆ ఊరికి రానన్నవాడి మాటనే ఆ ఊరికి రమ్మని పిలవడానికి వాడుకోవాలంటే గుండె ధైర్యం కావాలి.

షీదీ, హోంగ్‌చున్ గ్రామాలు 2000లో యునెస్కో జాబితాకెక్కాయి. హోంగ్‌చున్ ప్రవేశ టికెట్ చాలాకాలం 104 యువాన్లు. అర్ధచంద్రాకారపు చెరువు గట్టున ఆర్ట్ కాలేజీ పిల్లలు వరసగా చిన్న స్టూళ్ళేసుకుని ఒకే గోడను, ఒకే నీడను గీస్తుంటారు. వాళ్ళ వెనకాల ఇంటావిడ మూరెడు పొడవు బూజు పట్టిన టోఫూ ముక్కల్ని పెనం మీద వేయిస్తూ ఉంటుంది. మూరెడు అన్నది నా అతిశయోక్తి, బూజు మాత్రం నిజం, అదే అక్కడి ప్రత్యేక వంటకం. షియూనింగ్‌లోని హువాంగ్ వంశం వాళ్ళ పాత ఇల్లొకటి ఇంకా ముందుకెళ్ళి, విప్పదీయించుకుని, ఓడెక్కి, 2003 నుంచి అమెరికాలో సేలం పట్నపు మ్యూజియంలో కొలువై ఉంది. హుయిజౌ వాళ్ళు బయటికి విసిరేసేది పిల్లల్నే కాదన్నమాట.

నది విషయంలో కూడా షావుకారు బుద్ధి పోలేదు. షిన్‌ఆన్ నీళ్ళు కిందికి పారి జెజియాంగ్ ప్రావిన్స్‌లోని పెద్ద జలాశయంలో కలుస్తాయి. 2012లో రెండు ప్రావిన్సులూ ఒక ఒప్పందానికొచ్చాయి. సరిహద్దు దగ్గర నీళ్ళు శుభ్రంగా ఉంటే జెజియాంగ్ 10 కోట్ల యువాన్లు ఇవ్వాలి, లేకపోతే అన్హుయే ఎదురు ఇవ్వాలి. పైనున్న వాడు పారే నీటికి డబ్బు వసూలు చేయడం ఉప్పు వ్యాపారుల మనవలకే తట్టాలి. కొండ మీద అతిథులకు స్వాగతం పలికే పైన్ అనే ముసలి చెట్టుకు కూడా పూర్తికాలపు కాపలాదారు ఉన్నాడు. కొమ్మ వంగినా, పురుగు పట్టినా ఆయన రాసుకుంటాడు. సీమ పేరుకు మాత్రం అలాంటి ఉద్యోగిని ఎవరూ పెట్టలేదు. చెట్టును చూడ్డానికి టికెట్ ఉంది, పేరును చూడ్డానికి లేదు. తేడా అక్కడే.

పాత పేరు తిరిగి పెట్టాలన్న డిమాండ్ అడపాదడపా లేస్తూనే ఉంది, పత్రికల్లో చర్చలు కూడా నడిచాయి. నా సలహా వేరు. సంస్కరణను సగంలో ఆపకూడదు. అన్‌చింగ్, హుయిజౌ అనే రెండు పేర్ల మొదటి ముక్కలు కలిపి 17వ శతాబ్దిలో ఆ ప్రావిన్స్‌కు అన్హుయి అని పేరు పెట్టారు. అందులో సగం ఇప్పుడు లేని ఊరిది. ఆరు కోట్ల మంది రోజూ రద్దయిన పేరును పలకాల్సి రావడం పరిపాలనా లోపం. వెంటనే దాన్ని అన్‌హువాంగ్ అని సవరించాలి. ఖర్చు గురించి భయపడక్కర్లేదు. అక్కడి వాహనాల నంబర్ ప్లేట్ల మీద ఎలాగూ హుయి అని ఉండదు. ఇంకా పాతదైన వాన్ అనే అక్షరం ఉంటుంది. కనీసం ప్లేట్లు మార్చే పని తప్పుతుంది.