రాయి కంటే ముందు అర్జీ వస్తుంది

"పేదవాళ్లకి అసూయ, అందుకే తిరగబడతారు" అనే మాట ఈ మధ్య మళ్లీ విన్నాను. ఒళ్లు మండిపోయింది. కడుపు కాలినవాడు ముందే రాయి అందుకోడండీ. ముందు అర్జీ పెట్టుకుంటాడు.

1789లో ఫ్రాన్స్‌లో విప్లవానికి నాందిగా జనం బాస్టీల్ కోట మీద పడటానికి కొన్ని నెలల ముందు, రాజే అడిగితే వాళ్లు ఊరూరా ఫిర్యాదులు రాసి పంపారు. ఉప్పు మీద పన్ను తీసేయమన్నారు. ప్రభువులు, మతాధికారులు కూడా మాలాగే పన్ను కట్టాలన్నారు. ఇది అసూయా? 1788లో పంట దెబ్బతిని, కూలివాడి సంపాదనలో సగానికి పైగా రొట్టెకే పోతున్న రోజులవి.

రష్యా సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1905 జనవరిలో ఒక ఆదివారం, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కార్మికులు భార్యాపిల్లలతో కలిసి, జార్ చక్రవర్తి పటాలు పట్టుకుని, ప్రార్థనా గీతాలు పాడుకుంటూ రాజభవనం వైపు నడిచారు. రోజుకు 8 గంటల పని, బతకడానికి సరిపడా జీతం అడుగుదామని. "మా దొర వింటాడు" అని నమ్మి వెళ్లారు. జార్ ఆ రోజు భవనంలోనే లేడు. సైనికులు కాల్చేశారు. పన్నెండేళ్లకి, 1917లో, రాజధానిలోని సైనికులే జార్ మీద తిరగబడ్డ జనంలో కలిసిపోయారు.

2010 డిసెంబర్‌లో ట్యునీషియాలో బండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే మహమ్మద్ బువాజీజీ సరుకు, త్రాసు అధికారులు లాగేసుకున్నారు. అతను కూడా ముందు ప్రభుత్వ ఆఫీసుకే వెళ్లాడు, తన గోడు చెప్పుకోడానికి. ఎవరూ వినలేదు. ఆ ఆఫీసు ముందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. దాంతో జనం వీధుల్లోకి వచ్చారు. నెల తిరక్కుండానే, 23 ఏళ్లుగా ఏలుతున్న అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయాడు.

తేడాలని జనం తరాల తరబడి భరిస్తారు. డబ్బున్నవాడు పెద్ద ఇల్లు కట్టుకున్నాడని ఎవరూ ప్రాణాలకి తెగించరు. ఆ డబ్బే చట్టాన్నీ, పన్నునీ, పోలీసునీ తనవైపు తిప్పుకున్నప్పుడు, ఇక చెప్పుకోడానికి చోటు లేనప్పుడు తెగిస్తారు.

విప్లవం రావాలని నేను కోరుకోవట్లేదు. ఫ్రాన్స్‌లో గిలటిన్ కింద తెగిన తలల్లో కూడా ఎక్కువ సామాన్యులవే. నేను అడిగేది అర్జీ దగ్గరే వినమని. జర్మనీని ఏలిన ఛాన్సలర్ బిస్మార్క్‌కి సోషలిస్టులంటే గిట్టదు, 1878లో వాళ్ల సంఘాలని నిషేధించాడు. అదే మనిషి 1883లో కార్మికులకి ఆరోగ్య బీమా, 1889లో వృద్ధాప్య పెన్షన్ తెచ్చాడు. వాళ్లు సోషలిస్టుల వైపు వెళ్లిపోతారన్న భయంతోనే తెచ్చాడు. భయంతో తెచ్చినా, జబ్బుపడ్డ కార్మికుడికి మందు అందింది కదా. నాకు అది చాలు.