ఎనిమిదో చెయ్యి

పని తప్పించుకునే అలవాటు నాకు లేదు. ఎక్కడ ఏ పని జరుగుతున్నా వెళ్లి ఓ చెయ్యి వేస్తాను. వేసిన చేత్తో లాగానా లేదా అన్నది వేరే సంగతి. దాన్ని కొలవాలన్న దుర్బుద్ధి ఎవరికీ పుట్టదనుకున్నాను. పుట్టిందట, చాలాకాలం కిందటే.

ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు, మనుషులు గుంపుగా చేరినప్పుడు ఎంత బలం పెడతారో లెక్కగట్టి 1913లో అచ్చు వేశాడు. ఒంటరిగా పనిచేసే మనిషి బలం 100 అనుకుంటే, ఇద్దరైతే తలా 93, నలుగురైతే 77, ఏడుగురైతే 56, ఎనిమిది మందైతే 49. కాస్త గుణించి చూడండి. ఏడు యాభైఆర్లు 392. ఎనిమిది నలభైతొమ్మిదులూ 392. అంటే ఎనిమిదోవాడు వచ్చినా రాకపోయినా బండి కదిలేది అంతే.

ఈ లెక్క చూసి ఎనిమిదోవాణ్ని సోమరి అనేస్తారు. తొందరపాటు. అతను రాగానే మిగతా ఏడుగురికీ తలా ఏడు పాళ్ల విశ్రాంతి దొరికింది కదా! ఒక్క సర్క్యులర్ పంపకుండా, ఒక్క ఉపన్యాసం ఇవ్వకుండా ఏడుగురి భారం తగ్గించినవాణ్ని నాయకుడు అనక ఇంకేమంటారు?

రింగెల్‌మన్ పెద్దమనిషి. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడమే ముఖ్య కారణమని సర్దిచెప్పాడు. ఆఫీసుల్లో దీన్నే కోఆర్డినేషన్ లోపం అంటాం. దాన్ని సరిచేయడానికి తొమ్మిదోవాణ్ని వేస్తాం. 1914 నుంచి 1928 వరకు బ్రిటిష్ నౌకాదళంలో పెద్ద యుద్ధనౌకలు 62 నుంచి 20కి తగ్గాయి. అదే కాలంలో ఆ నౌకాదళాన్ని నడిపే శాఖ అడ్మిరాల్టీలో అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. తాడు పొట్టిదైనకొద్దీ పట్టుకునే చేతులు పెరగడం అనాదిగా ఉన్నదే.

ఆ పెద్దమనిషి తరహా సర్దుబాటును 1974లో కొందరు అమెరికన్ పరిశోధకులు చెడగొట్టారు. కళ్లకు గంతలు కట్టి, మనిషిని తాడు ముందు నిలబెట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనకవాళ్లు లాగలేదు, లాగుతున్నట్టు నటించారు. అయినా ముందున్నవాడు పట్టు సడలించాడు. కోఆర్డినేషన్‌కు అక్కడ చోటేది? పక్కన మనిషి లాగనక్కర్లేదు, ఉన్నాడన్న నమ్మకం చాలు.

ఆ నమ్మకం ఎంత గట్టిదో నాకు స్వయంగా తెలుసు. ఈమధ్య మా ఆఫీసు నుంచి ఓ ఉత్తరం బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఒకటే పేజీ. ముఖ్యమైనది కాబట్టి ఎనిమిది మందిమి చూశాం. 'చూశాను, బాగుంది' అని వరసగా ఎనిమిది మెసేజ్‌లు. ఉత్తరం పైన పోయినేడాది తేదీ ఉంది.

నేను చివరివాణ్ని. నాకంటే ముందు ఏడుగురు చూశారు కదా అన్న భరోసాతో చూశాను. మొదటాయన తన తర్వాత ఏడుగురు చూస్తారులే అన్న భరోసాతో చూశాడట. మధ్యలోవాళ్లకైతే రెండువైపులా భరోసా. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ గొర్రెను చూడ్డానికి ఎంతమంది వెళ్లొచ్చారో వాళ్లు రాసిపెట్టలేదు. మేం రాసిపెట్టాం, మినిట్స్‌లో. ఇకపై ప్రతి ఉత్తరాన్నీ పన్నెండు మంది చూడాలని తీర్మానం కూడా చేశాం. నేనే ప్రతిపాదించాను.

ఇంట్లో మాత్రం నా నాయకత్వానికి ఇంత గౌరవం లేదు. మొన్న ఆదివారం బీరువా జరపాల్సి వచ్చింది. అబ్బాయి ఓ పక్క, మా ఆవిడ ఓ పక్క పట్టారు. నేను మధ్యలో చెయ్యి వేసి, "జాగ్రత్త, మూల గోడకి తగుల్తుంది... కొంచెం ఎత్తండి... ఆ, అలా" అంటూ దారి చూపించాను. బీరువా చేరాల్సిన చోటికి చేరింది. అబ్బాయి నడుం పట్టుకుని కూలబడ్డాడు. నేనూ నుదురు తుడుచుకుని, "ముగ్గురం కలిసి పడితే ఎంతసేపు!" అన్నాను.

మా ఆవిడ బీరువా తలుపు వైపు చూసింది. దుమ్ము పట్టిన అద్దం మీద నా అరచెయ్యి, అయిదు వేళ్లతో సహా, చెక్కుచెదరకుండా అచ్చుపడి ఉంది. ఒక్క వేలన్నా జారలేదు.

"ఏవండీ, ఇది చెయ్యి వెయ్యడమా, ఆనించుకోవడమా?" అంది.