అమిష్ ప్రేమకథల్లో పెళ్లి తర్వాతి పేజీ

చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయి చివరి అధ్యాయంలో లేచి నడిస్తే ఆ నవలను నేను అక్కడే మూసేస్తాను. అమిష్‌లంటే కారు, కరెంటు లాంటివాటికి దూరంగా పాత పద్ధతిలో బతికే అమెరికా క్రైస్తవ సంఘం. వాళ్ల మీద రాసే ప్రేమకథలకు అక్కడ మంచి గిరాకీ. 1997లో వచ్చిన బెవర్లీ లూయిస్ ‘ద షనింగ్’ పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. ఆ తర్వాత అట్ట మీద తెల్ల టోపీ అమ్మాయి, వెనక గోధుమ చేను, దూరంగా గుర్రబ్బండి ఉన్న పుస్తకాలు వరుస కట్టాయి. రాసేవాళ్లలో ఎక్కువమంది అమిష్ సమాజానికి బయటివాళ్లే. అది కూడా నాకు అభ్యంతరం కాదు. నా పేచీ అంతా చూపులేని అమ్మాయి, బండి ప్రమాదంలో కాలు పోయిన రైతు కనిపించే కథలతోనే. వాటిలో చాలామటుకు వైకల్యం ప్రేమకు పెట్టిన పరీక్ష. అబ్బాయి నెగ్గుతాడు, అమ్మాయి కోలుకుంటుంది, పెళ్లితో కథ కంచికి వెళ్తుంది.

అసలు కథ మొదలయ్యేది అక్కడే.

ఈ నవలల్లో ప్రేమకు అడ్డు తరచుగా బయటి మనిషి. అమిష్‌లు వాళ్లను ‘ఇంగ్లీష్ వాళ్లు’ అంటారు. అమ్మాయి మనసు అటూ ఇటూ ఊగి, చివరికి తన సంఘంలో కుర్రాణ్నే చేసుకుంటుంది. పాఠకురాలు ఊపిరి పీల్చుకుంటుంది. కానీ పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీ అమిష్‌లు 18వ శతాబ్దంలో వలస వచ్చిన కొద్ది కుటుంబాల సంతతి. పెళ్లిళ్లన్నీ లోపలే. ఒకే లోపపు జన్యువు ఇద్దరిలోనూ దాగి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు చేసుకునే మనకు ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అంటే నవల సుఖాంతం అని చెప్పిన ఆ పెళ్లిలోనే అసలు ప్రశ్న దాగి ఉంది. బిడ్డ విషాదమని నేననడం లేదు. ఆ బిడ్డకు కథలో చోటు కావాలంటున్నాను.

అలా వచ్చేవాటిలో గ్లూటారిక్ ఎసిడ్యూరియా అని ఒక జబ్బుంది. శరీరం లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని సరిగా వాడుకోలేదు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. తొలి ఏళ్లలో మామూలు జ్వరమో వాంతులో వచ్చి, సమయానికి గ్లూకోజు ఎక్కకపోతే, కదలికలను నడిపే మెదడు భాగం దెబ్బతింటుంది. అది మళ్లీ బాగవదు. ఇప్పుడు ఆ ఇల్లు ఊహించండి. ఇంట్లో ఫోన్ ఉండదు, చేను గట్టున చిన్న గదిలో ఉంటుంది. వాకిట్లో కారు లేదు, డ్రైవర్‌ను పిలిపించుకోవాలి. అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. తండ్రి లాంతరు పట్టుకుని ఆ గదికి పరిగెడతాడు. తల్లి తూకం వేసిన ప్రత్యేక ఆహారపు పొడి కలిపి చెంచాతో పట్టిస్తుంది. ఇంతకంటే గొప్ప ప్రేమ సన్నివేశం ఏ రచయిత రాయగలరు?

ఇలాంటి పిల్లల కోసమే 1989లో డాక్టర్ హోమ్స్ మోర్టన్, ఆయన భార్య కారొలైన్ ‘క్లినిక్ ఫర్ స్పెషల్ చిల్డ్రన్’ స్థాపించారు. లాంకస్టర్ కౌంటీలోనే స్ట్రాస్‌బర్గ్ దగ్గర పొలంలో దాని భవనాన్ని అమిష్‌లు, వాళ్లకు దగ్గరి క్రైస్తవ శాఖ అయిన మెనోనైట్ రైతులు, వడ్రంగులు తలో చేయీ వేసి లేపారు. అమిష్‌లు సాధారణంగా ఆరోగ్య బీమా కొనరు. ఆస్పత్రి బిల్లు వస్తే సంఘమంతా పంచుకుంటుంది. ఆడవాళ్లు నెలల తరబడి కుట్టిన క్విల్టులు (ముక్కల బొంతలు) వేలంలో అమ్మి క్లినిక్‌కు డబ్బు పోగుచేస్తారు.

ఊరట కోసం చదివే పుస్తకానికి ఇంత బరువెందుకని కొందరంటారు. వాళ్లలో రోజంతా మంచంలోని మనిషికి చాకిరీ చేసి రాత్రి రెండు పేజీలు తిప్పే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట నేను కాదనలేను. కానీ వాళ్ల జీవితం మాత్రం లేని పుస్తకం వాళ్లకు ఇచ్చే ఊరట ఎంతసేపు?

అమిష్‌లు ఈ పిల్లల్ని దేవుడిచ్చిన ప్రత్యేకమైన బిడ్డలంటారు. మనం దివ్యాంగులంటున్నాం. అక్కడ పేరుతోపాటు పనీ నలుగురి మీద పడుతుంది. మన దగ్గర పేరు సర్కారు ఇచ్చింది, పని తల్లికి మిగిలింది. మా వీధిలో ఒకావిడ పద్నాలుగేళ్ల కొడుకును ఎత్తుకుని సదరం సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగింది. వీధిలో అందరం ఆవిడను ‘ఎంత ఓపికమ్మా’ అని మెచ్చుకున్నవాళ్లమే. మూడోసారి తిరిగొచ్చినప్పుడు పిల్లాణ్ని దింపడానికి ఆటో డ్రైవర్ ఒక్కడే చేయి వేశాడు.