352 కూల్చాడు, తనను ఎవరూ కూల్చలేదు: ఎరిక్ హార్ట్‌మన్ గురించిన పోస్టులో నిజమెంత?

కాక్‌పిట్‌లో నవ్వుతున్న బంగారు జుట్టు కుర్రాడి ఫొటోతో ఒక పోస్టు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిరుగుతూనే ఉంటుంది. దాని సారాంశం ఇది: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ 352 శత్రు విమానాలు కూల్చాడు. పుట్టుకతోనే గొప్ప పైలట్. అతని విమానాన్ని ఎవరూ కూల్చలేకపోయారు. తోడుగా ఎగిరిన పైలట్‌ను ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. రష్యన్లు అతన్ని చూస్తే పారిపోయేవారు. రాజకీయాలతో సంబంధం లేని అసలైన వీరుడు. రష్యా జైల్లో పదేళ్లు మగ్గి తిరిగొస్తే జర్మనీ నెత్తిన పెట్టుకుంది.

ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువే. సగం నిజాలు ఎక్కువ. అందుకే జనం తేలిగ్గా నమ్మేస్తున్నారు.

ముందు ఆ పుట్టు ప్రతిభ సంగతి. హార్ట్‌మన్ 1942 అక్టోబరులో కాకసస్ ప్రాంతంలో ఉన్న 52వ ఫైటర్ దళంలో చేరాడు. మొదటి పోరాటానికి వెళ్లిన రోజునే తన లీడర్ రోస్‌మన్ విమానాన్ని శత్రువుదనుకుని బెదిరి పారిపోయాడు. దారి తప్పి, ఇంధనం అయిపోయి, చక్రాలు దించకుండానే విమానాన్ని నేలకేసి దించాడు. విమానం పనికిరాకుండా పోయింది. శిక్షగా మూడు రోజులు మెకానిక్‌లతో పని చేయించారు. నవంబరు 5న మొదటి విజయం దక్కింది, కానీ కూల్చిన సోవియట్ ఇల్యూషిన్ దాడి విమానం ముక్కలే వచ్చి ఇతని ఇంజిన్‌కు తగలడంతో మళ్లీ నేలకు దిగక తప్పలేదు. ఆ ఏడాది ముగిసేసరికి అతని స్కోరు రెండు దాటలేదు.

అతన్ని మార్చింది తోటివాళ్లు. రోస్‌మన్ చేతికి పాత గాయం ఉంది, గింగిరాలు కొడుతూ పోరాడటం అతని వల్ల కాదు. అందుకని దూరం నుంచి పరిస్థితి చూసుకుని, అదను దొరికినప్పుడే కొట్టి తప్పుకునేవాడు. హార్ట్‌మన్ ఆ పద్ధతి పట్టుకున్నాడు. ఇంకా దగ్గరికి వెళ్లి కాల్చమని తోటి పైలట్ క్రుపిన్‌స్కీ వెంటపడ్డాడు. చివరికి తయారైన సూత్రం నాలుగు ముక్కలు: చూడు, నిర్ణయించుకో, కొట్టు, తప్పుకో. శత్రువు విమానం ముందు అద్దమంతా నిండేదాకా ట్రిగ్గర్ నొక్కేవాడు కాదు. పరిస్థితి అనుకూలంగా లేదనిపిస్తే అసలు దాడికే దిగేవాడు కాదు. నా ఉద్దేశంలో హార్ట్‌మన్ గొప్పతనం ఈ ఓపికలోనే ఉంది. పోస్టు మాత్రం దాన్ని వదిలేసి అతన్ని పుట్టు మాంత్రికుడిని చేసింది.

"ఎవరూ కూల్చలేకపోయారు" అన్న మాటకు ఈ దగ్గరి దాడులే సమాధానం. అంత దగ్గర నుంచి కాల్చితే పేలిన విమానం ముక్కలు వచ్చి మీద పడతాయి. యుద్ధకాలంలో అతను డజనుకు పైగా సార్లు దెబ్బతిన్న విమానాన్ని అత్యవసరంగా నేలకు దించాల్సి వచ్చింది. 1943 ఆగస్టు 20న అలా దిగింది రష్యన్ల చేతుల్లోనే. లోపల బాగా గాయాలైనట్టు నటిస్తే స్ట్రెచర్ మీద లారీ ఎక్కించారు. జర్మన్ విమానాలు ఆ దారిలో దాడికి రాగానే కాపలావాడిని కొట్టి పొలాల్లోకి పరుగెత్తాడు. 1944లో రొమేనియా మీద అమెరికన్ మస్టాంగ్ ఫైటర్ విమానాలు తరిమితే ఇంధనం అయిపోయి పారాషూట్‌తో దూకేశాడు. ఎదుటివాడి గుండు తగిలి కూలలేదనే వాదన అతని వైపు నుంచి వచ్చింది, ఒప్పుకుందాం. కానీ పోస్టు చదివినవాళ్లకు మాత్రం ఒంటి మీద గీత కూడా పడని మనిషి కనిపిస్తాడు. అది నిజం కాదు.

తోడు పైలట్ విషయం చిన్నదే. కాపిటో అనే మాజీ బాంబర్ పైలట్ ఇతని పక్కన ఎగురుతూ కూలాడు. పారాషూట్‌తో బతికి బయటపడ్డాడు.

ఇక 352. దీన్ని ఒట్టి ప్రచారం అని కొట్టేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లతోనూ నేను ఏకీభవించను. జర్మన్ పైలట్ ఊరికే నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు. సమయం, చోటు, విమానం రకం, సాక్షి పేరుతో రిపోర్టు రాసి పంపాలి. అయినా అది క్లెయిమే, నేల మీద శకలాలు లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కాదు. నాలుగు సెకన్ల పోరాటంలో పొగ చూసి కూలిందనుకోవడం అన్ని దేశాల పైలట్లూ చేసిన పనే. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, అసలు సంఖ్య 60 దగ్గర తేలింది. సోవియట్ నష్టాల రికార్డులతో పోల్చి చూసిన రష్యన్ పరిశోధకులు హార్ట్‌మన్ నిజంగా కూల్చినవి 352 కంటే చాలా తక్కువ అంటున్నారు. వాళ్ల లెక్కలతో అందరూ ఏకీభవించరు. 352ని అతని పేరున నమోదైన విజయాలుగా చెప్పడం వరకే సబబు. వాటిలో 345 సోవియట్ విమానాలు, 7 అమెరికావి.

రష్యన్లు పారిపోయేవారన్న మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. అంకెలు చూడండి. హార్ట్‌మన్ 1,404 సార్లు ఎగిరాడు, 825 సార్లు పోరాటంలో పడ్డాడు. సోవియట్ పైలట్ ఇవాన్ కొజెదూబ్ 330 సార్లు ఎగిరి, 120 పోరాటాల్లో 62 విమానాలు కూల్చినట్టు నమోదైంది. అంటే నూరు పోరాటాలకు హార్ట్‌మన్‌కు 43, కొజెదూబ్‌కు 52. ఎగిరిన సార్ల లెక్కన తీస్తే హార్ట్‌మనే ముందుంటాడు, అదీ చెప్పాలి. మొత్తం సంఖ్యలో తేడా ఎక్కడుందంటే, అమెరికా తన పైలట్లను కొన్ని వందల గంటల తర్వాత ఇంటికి పంపేది. జర్మనీలో చచ్చేదాకో, పట్టుబడేదాకో ఎగరాల్సిందే. పైగా తూర్పున ఆకాశం నిండా లక్ష్యాలు. అందుకే ఎక్కువ విజయాలు నమోదైన మొదటి ముగ్గురు, హార్ట్‌మన్ 352, బార్క్‌హార్న్ 301, రాల్ 275, ఒకే దళం వాళ్లయ్యారు.

రాజకీయాలతో సంబంధం లేదంటారు. అతనిపై సోవియట్ కోర్టు వేసిన యుద్ధ నేరాల శిక్షను 1997లో రష్యానే రద్దు చేసింది, కాబట్టి ఆ నేరాలు అంటగట్టడం తప్పు. కానీ 1944 ఆగస్టులో హిట్లర్ చేతి మీదుగా వజ్రాల పతకం అందుకున్నదీ ఇతనే. అతని దళం ఎగిరింది దాదాపు 2 కోట్ల 70 లక్షల సోవియట్ ప్రజల ప్రాణాలు తీసిన దండయాత్రకు అండగా. ఆ మాట తీసేసి ఒక్క విమానాన్నే చూపించడం అన్యాయం. అతను జైల్లో ఉండగానే, ఎప్పుడూ చూడని కొడుకు చనిపోయాడు. ఆ దుఃఖం నిజం. దానికోసం ఆ యుద్ధాన్ని కడిగి శుభ్రం చేయనక్కర్లేదు.

నెత్తిన పెట్టుకున్నారన్నది చివరి మాట. 1955లో విడుదలై కొత్త పశ్చిమ జర్మన్ వైమానిక దళంలో చేరాడు, జెట్ ఫైటర్ దళానికి నాయకుడయ్యాడు. అప్పుడే అమెరికన్ స్టార్‌ఫైటర్ జెట్లు కొనాలన్న నిర్ణయం వచ్చింది. మన పైలట్లు దానికి ఇంకా సిద్ధంగా లేరని హార్ట్‌మన్ పైవాళ్లకు గట్టిగా చెప్పాడు. వాళ్లకు నచ్చలేదు, 1970లో ముందుగానే ఉద్యోగం వదలాల్సి వచ్చింది. జర్మనీ ఆ జెట్లు 900కు పైగా తీసుకుంటే ప్రమాదాల్లోనే 290 దాకా పోయాయి, వంద మందికి పైగా పైలట్లు చనిపోయారు. పోస్టు రాసినవాళ్లు అతనిలో నిజంగా మెచ్చుకోదగ్గ ఈ ఒక్క ధైర్యాన్నీ వదిలేశారు.