ఊబకాయం జన్యువులకు మగ ఈగల పోట్లాటతో ఏం పని?

ఫలానా జన్యువు ఉంటే లావెక్కుతారు అని వార్త చదవగానే మనకు కొవ్వే గుర్తొస్తుంది. ఆ జన్యువు పొట్ట దగ్గరో నడుము దగ్గరో కూర్చుని కొవ్వు పోగేస్తోందని అనుకుంటాం. పండ్ల మీద ముసిరే చిన్న ఈగ డ్రోసోఫిలా ఈ ఊహను తలకిందులు చేసింది.

మనుషుల్లో ఊబకాయంతో సంబంధం ఉన్న జన్యువుల జాబితాలో 2009లో టీఎఫ్‌ఏపీ2బీ, కేసీటీడీ15 చేరాయి. ఈగలో వీటికి సాటి జన్యువులు టీఎఫ్‌ఏపీ-2, టివాజ్. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ పరిశోధకులు 2014లో వీటిని ఈగ నాడీకణాల్లో పట్టుకున్నారు. అక్కడ ఇవి ఆక్టోపమిన్ అనే రసాయనం తయారీని, విడుదలను నడిపిస్తున్నాయి. మన ఒంటిని అప్రమత్తం చేసే నోరడ్రినలిన్ మనకు ఎలాగో ఈగకు ఆక్టోపమిన్ అలాగ. అది ముందు ఈగను తిండి వైపు నడిపిస్తుంది, తర్వాత డ్రోసల్ఫకినిన్ అనే హార్మోన్‌ను పెంచి ఇక చాలనిపిస్తుంది. మగ ఈగ దూకుడును, జత కోసం అది చేసే ప్రయత్నాలను అదుపు చేసేది కూడా ఇదే దారి.

తిండికీ పోట్లాటకీ ఒకే దారి ఏమిటి? ఈగ బతుకు చూస్తే ఇందులో వింతేమీ కనిపించదు. పులిసిన పండు దానికి భోజనం. ఆడ ఈగ తినడానికి, గుడ్లు పెట్టడానికి వచ్చేదీ అక్కడికే. అందుకే మగవి ఆ చోటు కోసం ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఆడ ఈగ కనిపిస్తే మగది వెంటపడుతుంది, ముందుకాలితో తట్టి చూస్తుంది, ఒక రెక్క చాపి అదిరిస్తూ పాట వినిపిస్తుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆడదాని ఇష్టం. తినాలా, తరమాలా, జత కోసం ప్రయత్నించాలా అన్న మూడు నిర్ణయాలూ ఒకే పండు మీద, దాదాపు ఒకే సమయంలో తీసుకోవాలి. వాటికి ఉమ్మడి మీట ఉండటం ప్రకృతికి పొదుపు అని నాకనిపిస్తుంది.

ఈగలో చూసిందంతా మనిషికి అంటగట్టలేం. 2007లో ఊబకాయంతో ముడిపడి బాగా పేరుకెక్కిన ఎఫ్‌టీఓ జన్యువు అసలు ఈగలోనే లేదు. లావుగా ఉన్నవాళ్ల ప్రేమలు, పెళ్లిళ్ల గురించి ఈ ప్రయోగాలు ఏమీ చెప్పవు. చెబుతాయన్నట్టు వార్తలకు హెడ్డింగులు పెట్టడం అన్యాయం, క్రూరం కూడా.

కానీ నోరు కట్టుకోలేరా అని నిలదీసేవాళ్లకు మాత్రం ఈ ఈగను చూపించాలి. ఆకలి పొట్టకే పరిమితమైన వ్యవహారం కాదు. డ్రోసల్ఫకినిన్‌కు మనలో సాటి అయిన కొలెసిస్టోకైనిన్ భోజనం తర్వాత పేగు నుంచి విడుదలై కడుపు నిండిందని చెబుతుంది. అదే హార్మోన్‌లోని నాలుగు అమైనో ఆమ్లాల చిన్న ముక్కను ఇంజెక్షన్‌గా ఇస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా నిమిషాల్లో గుండె దడ, విపరీతమైన టెన్షన్ పుట్టుకొస్తాయి.